పచ్చి ఇటుక గోడలో చెమ్మ: పగులు పూడ్చే ముందు చూడవలసినవి

ప్రశ్న: మేము బెంగళూరులో ఎలహంక పాత ఊళ్ళో ఉంటున్నాము. మా మామగారి తండ్రి హిందూపురం వైపు నుంచి వచ్చి సుమారు 80 ఏళ్ళ క్రితం కట్టించిన ఇల్లు. రాతి పునాది మీద ఒకటిన్నర అడుగు మందం పచ్చి ఇటుక గోడలు, పైన మంగళూరు పెంకుల కప్పు. 20 ఏళ్ళ క్రితం గోడలకు సిమెంటు పూత పూయించి, వెనక గోడకు ఆనించి స్నానాల గది కట్టి స్లాబు వేయించాము. ఆరేళ్ళ క్రితం హాలులో కడప బండలు తీసి టైల్స్ పరిపించాము. రెండేళ్ళుగా హాలు గోడకు మోకాలి ఎత్తు దాకా రంగు పొరలుగా లేచి తెల్లటి పొడి రాలుతోంది. ఈ వానల్లో వెనక గది కిటికీ మూల నుంచి కప్పు వైపు ఏటవాలుగా పగులు వచ్చింది. పూత చెక్కి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు మళ్ళీ పూస్తే చాలని మేస్త్రీ అంటున్నాడు. పడగొట్టి మూడంతస్తులు కట్టుకుందామని మా మరిది అంటున్నాడు. ఇల్లు నిలుస్తుందో లేదో మేము తెలుసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, ఎలహంక

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో మేస్త్రీ మాటా ఉంది, మరిది మాటా ఉంది, ఆ గోడలోకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయని మాత్రం ఇద్దరిలో ఎవరూ అడిగినట్టు లేదు. అది తేలకుండా పూత పూయించినా, గునపం పట్టినా చీకట్లో చేసిన పనే అవుతుంది. పచ్చి ఇటుకలో ఇసుక రేణువులను పట్టి ఉంచేది బంకమట్టి ఒక్కటే. కాల్చిన ఇటుక తడిసినా ఇటుకగానే ఉంటుంది గానీ, పచ్చి ఇటుక తడిసేకొద్దీ మెత్తబడి, చివరికి తాను పుట్టిన మట్టిముద్దగా మారిపోతుంది. ఒకటిన్నర అడుగు మందంతో పది అడుగుల ఎత్తున్న మీ గోడ మీటరు పొడవుకు రెండు టన్నులకు పైగా తూగుతుంది. కప్పు బరువు దీనికి అదనం. ఆ బరువంతా పడేది అడుగు వరుసల మీద, చెమ్మ చేరేదీ ఆ వరుసల్లోనే. పొడిగా ఉన్నంతకాలం అవి ఇంకో 80 ఏళ్ళయినా మోస్తాయి.

మొదట ఈ రోజే చూడవలసినవి చెబుతాను. వెనక గదిలో గోడ పొట్ట ఉబ్బినట్టు కనిపించినా, దూలం చివర గోడలోంచి ఇవతలికి జరిగిన గుర్తు ఉన్నా, తలుపులు కొద్ది రోజుల్లోనే బిగిసిపోయినా, పగులులోంచి మట్టి తనంత తాను రాలుతున్నా, గోడ అడుగున చెయ్యి పట్టేంత గుల్ల పడినా, ఆ గదిలో పడుకోవడం మానేయండి. దూలాల కింద సరుగుడు బాదులతోనో ఇనుప జాకీలతోనో ఊతం పెట్టించి, ఆ తరువాతే మిగిలిన పరీక్షల జోలికి వెళ్ళండి. గోడ తిన్నగా ఉందో లేదో చూడడానికి పైనుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, పైనా మధ్యలో అడుగునా దారానికీ గోడకూ మధ్య ఉన్న దూరం కొలవండి. అంగుళం లోపు తేడా పాత మట్టిగోడల్లో సాధారణమే, కట్టిన రోజునే అలా ఉండి ఉండవచ్చు. 18 అంగుళాల గోడ మూడు అంగుళాల దాకా ఒరిగితే మాత్రం బరువు గోడ మందంలో మధ్య మూడోవంతు నుంచి అంచుకు జరిగిపోతున్నట్టు లెక్క, ఇక ఇంజినీరును పిలవడం ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు.

మీ మేస్త్రీ సలహా దురుద్దేశంతో ఇచ్చినది కాదు. ఆ సలహా నేనూ ఒకప్పుడు ఇచ్చినవాణ్ణే. ముప్పై ఏళ్ళ క్రితం హొసకోట దగ్గర ఒక బంధువుల ఇంటికి చెమ్మ పట్టిందంటే నేనే దగ్గరుండి మంచి సిమెంటు పూత వేయించాను. నాలుగేళ్ళు గోడ అద్దంలా ఉంది. ఐదో ఏట కొళాయి పైపు బిగించడానికి ఆ పూతకు రంధ్రం చేస్తే, స్క్రూడ్రైవర్ పిడి దాకా లోపలికి దిగిపోయింది. బయటికి తీసి చూస్తే మొన మీద తడి మట్టి, కుండలు చేసే మట్టిలా, వేలితో గీస్తే గీత పడేంత మెత్తగా ఉంది. పూత దాని పాటికి అది నిలబడి ఉంది, దాని వెనక మట్టి కరిగిపోతోంది. సిమెంటు పూత మట్టిలో పుట్టిన చెమ్మను బయటికి ఆరనివ్వదు. పూతకు వెంట్రుకవాసి పగుళ్ళు రాక తప్పదు, వాటిలోంచి వాన నీరు లోపలికి దిగుతుంది, మళ్ళీ వెలికి రాలేదు. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు చేసే పని కూడా ఇదే, కాకపోతే కాస్త నెమ్మదిగా.

ఈ పాఠం మనకొక్కరికే తగిలింది కాదు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని రాంచోస్ ద తావోస్‌లో పచ్చి ఇటుకలతో కట్టిన పాత చర్చి ఒకటి ఉంది. 1960లలో దానికి సిమెంటు పూత పూశారు. లోపల గోడలు దెబ్బతింటున్నాయని బయటపడ్డాక ఆ పూతంతా ఒలిచేసి మట్టిపూతకే తిరిగి వచ్చారు. ఇప్పటికీ ఊరివాళ్ళు వేసవిలో గుమిగూడి గోడలకు మట్టి మెత్తుతారు. మన సీమ మిద్దెల మీద వానలకు ముందు చౌడు పోసుకున్నట్టే అనుకోండి.

ఇక నీటి దారి వెతకాలి. మడమెత్తు నుంచి మోకాలెత్తు వరకు గోడ పొడుగునా ఒకే పట్టీలా కనిపించే చెమ్మ నేలలోంచి ఎగబాకినది. దీపం వత్తి నూనెను పీల్చినట్టు మట్టిలోని సన్నని రంధ్రాలు నీటిని పైకి లాగుతాయి. ఆ నీటితో పాటు నేలలోని లవణాలూ ఎక్కి, నీరు ఆరిన చోట స్ఫటికాలై, పూతనూ మట్టినీ లోపలినుంచి తోసి రాలగొడతాయి. మీరు చెప్పిన తెల్లటి పొడి అదే. ఒకప్పుడు అక్కడ పశువుల కొట్టం ఉండి ఉంటే ఆ ఉప్పు మరీ మొండిది. పాత మట్టిగోడల మన్నుతోనే సూరేకారం వండుకున్న దేశం మనది. ఇలాంటి ఉప్పు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది కనుక, నీటి దారి మూసేశాక కూడా ముసురు పట్టిన రోజుల్లో గోడ చెమర్చినట్టు కనిపిస్తే కంగారు పడకండి. ఒకచోట మచ్చలా మొదలై అంచులు విస్తరించే తడి అయితే పైపుదో తొట్టిదో అయి ఉంటుంది. పైనుంచి చారలుగా దిగినది కప్పుది. బయటి గోడ మీద అడుగెత్తున చిన్న చిన్న గుంటలు పడి ఉంటే, పెంకుల చూరు నుంచి పడే ధార నేలను తాకి గోడ మీదికి ఎగజిమ్ముతోందని అర్థం.

మీ హాలు విషయంలో నా అనుమానం టైల్స్ మీద. కడప బండల సందుల్లోంచి, వాటి కింది మట్టిలోంచి నేల చెమ్మ కొంత గదిలోకి ఆరిపోయేది. మీరు వాటిని తీసి కింద కాంక్రీటు, పైన టైల్స్ పరిపించాక ఆ దారి మూసుకుపోయి, నేల కింది చెమ్మకు గోడలు ఒక్కటే పొగగొట్టంలా మిగిలాయి. టైల్స్ వేసిన నాలుగేళ్ళకు గోడ పొడి రాల్చడం మొదలైందని మీ ఉత్తరంలోని లెక్కే చెబుతోంది. బయట ఇంటి చుట్టూ కూడా సిమెంటు గచ్చు చేయించి ఉంటే రెండు వైపులా మూత పెట్టినట్టే.

మరొక సంగతి మీ అత్తగారిని అడగండి: ఆవిడ కాపురానికి వచ్చిన రోజుల్లో వీధి నుంచి అరుగు మీదికి ఎన్ని మెట్లు ఎక్కేవారు? బెంగళూరు పాత పేటల్లో తారు మీద తారు, దాని మీద కాంక్రీటు వేసుకుంటూ పోవడంతో వీధి ఎత్తు పెరిగి, మూడు మెట్లున్న ఇళ్ళకు ఒక్కటే మిగిలింది, కొన్ని ఇళ్ళలోకి ఇప్పుడు దిగాలి. ఇల్లు కుంగిందని వాళ్ళు భయపడతారు గానీ పైకి లేచింది రోడ్డు. ఫలితం మాత్రం ఒకటే. రాతి పునాది ఎత్తు పూడిపోయి, వీధి నీరు నేరుగా పచ్చి ఇటుక వరుసకే తగులుతుంది. మీ ఇంటికి బయట, రాయి ముగిసి ఇటుక మొదలయ్యే గీత ఇప్పటి నేలకు ఎంత ఎత్తున ఉందో కొలిచి రాసుకోండి. కనీసం ఒక అడుగు లేకపోతే మీ చెమ్మకు అసలు కారణాల్లో అదొకటి.

సంపు గోడకు ఎంత దూరంలో ఉందో మీరు రాయలేదు. రాత్రి సంపు నింపి, లోపలికి వచ్చే నీరు కట్టేసి, మోటరు వేయకుండా నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీయండి. తెల్లవారేసరికి మట్టం దిగితే సంపు పగిలింది. అన్ని కొళాయిలూ కట్టేసినా నీటి మీటరు ముల్లు కదులుతుంటే పైపు కారుతోంది. స్నానాల గది నేల మీద నీలిమందు కలిపిన నీళ్ళు నిలబెట్టి ఒకటి రెండు రోజులు అవతలి గోడను గమనించండి. రంగు కనిపిస్తే దారి దొరికినట్టే, కనిపించనంత మాత్రాన దోషం లేదని కాదు, ఎందుకంటే మట్టి రంగును వడగట్టేయగలదు. అందుకని వారం పది రోజులు ఆ గది వాడకుండా ఉండగలిగితే అంతకు మించిన పరీక్ష లేదు. గోడకు ఆనించిన పూలకుండీలను జరపడం మరిచిపోవద్దు. తులసికోటకు పోసే చెంబెడు నీళ్ళు రోజూ ఒకే చోట ఇంకితే ఏడాదికి ఎంతవుతుందో లెక్క వేసుకుంటే ఆశ్చర్యపోతారు.

ఇంత చూశాక, చెమ్మను కళ్ళతో అంచనా వేయకుండా తూచి చూడండి. చేతిలో పట్టుకునే మీటర్లు చెక్క కోసం చేసినవి, ఉప్పు ఉన్న గోడ మీద లేని తడిని చూపిస్తాయి. హాలు గోడలో అర అడుగు, రెండడుగులు, నాలుగడుగుల ఎత్తుల్లో, పూతను దాటి నాలుగైదు అంగుళాల లోతు నుంచి డ్రిల్లుతో మట్టి తీయించి, తీసిన వెంటనే మూత గట్టిగా పట్టే డబ్బాల్లో వేయండి. ఒక్కొక్కటి 100 గ్రాములు తూచి, వెడల్పాటి బాణలిలో సన్న సెగ మీద, బరువు ఇక తగ్గకుండా నిలిచేదాకా ఆరబెట్టి మళ్ళీ తూచండి. సివిల్ ఇంజినీరింగ్ ప్రయోగశాలలో అయితే 105 డిగ్రీల ఓవెన్‌లో ఒక రోజంతా ఉంచుతారు. 100 గ్రాములు 96 అయితే పొడి మట్టికి నాలుగు శాతం పైచిలుకు నీరున్నట్టు. 88 అయితే పదమూడు శాతం దాటినట్టు. ఇక్కడి ఎర్రమట్టి గోడల్లో పై భాగం రెండు మూడు శాతం దగ్గర ఉండడం నేను చూశాను. అడుగున పది దాటితే ఆ వరుసలు బరువు మోయడానికి నమ్మదగినవి కావు. అయినా ఒక్క అంకె కన్నా, పైకి వెళ్ళేకొద్దీ ఎలా తగ్గుతోందో, నెల తరువాత ఎలా మారిందో ఎక్కువ చెబుతుంది. అడుగున ఎక్కువై పైకి క్రమంగా తగ్గితే నేల చెమ్మ, మధ్యలో ఎక్కడో పెరిగితే పైపు.

వెనక గది పగులు దగ్గరికి వద్దాం. ముందు పూత గీకి అది పూతదా గోడదా చూడండి. గోడదే అయితే, కిటికీ మూల నుంచి ఏటవాలుగా లేచిన పగులు పైకి వెళుతూ ఏ వైపు వాలిందో, సాధారణంగా ఆ వైపు పునాది దిగి ఉంటుంది, పగులు పైన వెడల్పుగా కింద సన్నగా ఉంటుంది. కింద వెడల్పుగా ఉంటే గోడ మధ్యభాగం కుంగిందని అనుమానించాలి. రెండు గోడలు కలిసే మూలలో నిలువుగా చీలితే ఇటుకలు ఒకదానిలో ఒకటి కరిపించి కట్టలేదన్నమాట, అది ఎన్నాళ్ళనుంచో ఉండవచ్చు. మీ పగులు స్నానాల గది వైపు వాలి ఉంటుందని నేను ఊహిస్తున్నాను. బెంగళూరు ఎర్రమట్టి నల్లరేగడిలా ఉబ్బి కుంచించుకుపోయే రకం కాదు కనుక, ఇక్కడ మూల కుంగిందంటే నూటికి తొంభై సార్లు అడుగున నీరు చేరిందనో, పూడ్చిన నేల మీద కట్టారనో తేలుతుంది. పైగా ఆ గది స్లాబు ఒక అంచు మీ మట్టిగోడలోనే ఆనించి ఉంటే, చదరపు మీటరుకు 300 కిలోల దాకా తూగే కాంక్రీటు తడి గోడ మీద కూర్చున్నట్టు. పెంకుల కప్పు అందులో నాలుగో వంతు కూడా తూగదు.

పగులు కదులుతోందో ఆగిందో తెలియడానికి, దానికి అటూ ఇటూ రెండు సన్నని మేకులు దిగగొట్టి వాటి మధ్య దూరాన్ని కొలిచి, పగులు చివర్ల దగ్గర పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ వేయండి. పదిహేను రోజులకొకసారి ఒకే వేళలో, ఒకే మనిషి కొలిచి నోటుబుక్కులో రాయాలి. మీ మరిదిగారికి ఈ పని అప్పగించండి. ఇంటి మీద ఆయనకు ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది కనుక శ్రద్ధగా కొలుస్తారు. ఊళ్ళో సెప్టెంబరు, అక్టోబరు వానలు తగ్గి డిసెంబరు నుంచి మార్చి వరకు పొడిగా ఉంటుంది కాబట్టి, ఆ నాలుగు నెలలూ పగులు నిలిచిపోయి మళ్ళీ మే నెల గాలివానలకు కదిలితే నీటితో దాని సంబంధం రాతపూర్వకంగా మీ చేతిలో ఉంటుంది.

దూలాల చివరలు గోడలో దూరిన చోట, గుమ్మాల అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచి, వేళ్ళ కణుపులతో తట్టి చూడండి. గుల్ల శబ్దం వచ్చినా, చెదల మట్టి దారులు కనిపించినా మందు కొట్టించే ముందు తడి ఎక్కడిదో చూడాలి, చెదలు తడి వెతుక్కుంటూ వస్తాయి.

మరమ్మతు క్రమంలో నీళ్ళు మొదటిది, పగులు ఆఖరుది. సంపు, పైపులు, స్నానాల గది నేల సరిచేయించి, చూరుకు తూము కట్టించి, ఇంటి చుట్టూ నేల గోడ నుంచి బయటికి వాలేలా చేయించండి. గోడ పక్కన పేరుకున్న మట్టి తీయవలసి వస్తే మూడేసి అడుగుల చొప్పున, ఒక భాగం పూర్తయ్యాకే తరువాతిది తీయాలి, పునాది పొడుగునా ఒక్కసారి కందకం తవ్వితే తడి గోడ అందులోకే కూర్చుంటుంది. హాలులో గోడల వెంట అడుగు వెడల్పున టైల్స్, కాంక్రీటు పట్టీలా తీయించి అక్కడ ఇసుక మీద కడప బండలు సున్నపు సందులతో పరిపిస్తే, నేలకు పోయిన ఊపిరి కొంత తిరిగి వస్తుంది. సిమెంటు పూతను కూడా అడుగున మూడడుగుల ఎత్తు వరకు, కొద్ది కొద్దిగా ఒలిపించాలి. కొన్ని చోట్ల ఆ పూతే లోపలి మెత్తటి మట్టిని పట్టి నిలబెట్టి ఉంటుంది కనుక ఊతం లేకుండా అంతా ఒకేరోజు చెక్కించవద్దు. తెరిచిన గోడను ఫ్యానులు, హీటర్లు పెట్టి తొందరపెట్టకుండా ఒక వేసవి ఆరనివ్వండి. పైపైన లేచిన ఉప్పును పొడి కుంచెతో దులిపి ఊరి బయట పారబోయాలి, కడిగితే మళ్ళీ గోడలోకే ఇంకుతుంది.

ఆరాక, చెడిన ఇటుకలను అదే రకం మట్టితో కొత్తగా కోసి ఎండబెట్టిన ఇటుకలతో ఒకటొకటిగా మార్పించండి. మట్టి కలిసిందో లేదో చూడడానికి పాత ఇటుక ముక్కనూ కొత్త మట్టినీ రెండు గాజు సీసాల్లో నీళ్ళతో కుదిపి పెడితే ఇసుక ముందు, సన్న మన్ను తరువాత, బంక చివర పేరుకుంటాయి. రెండు సీసాల్లో పొరలు దాదాపు ఒకేలా ఉండాలి. మధ్యలో కాల్చిన ఇటుకలు, సిమెంటు ముద్దలు పెడితే చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వాటి అంచుల వెంట చీలుతుంది. పూతకు లోపల వరిగడ్డి తరుగు కలిపి పులియబెట్టిన మట్టి, బయట గానుగ సున్నం, పైన సున్నపు వెల్ల సరిపోతాయి. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపే పాత మేస్త్రీ దొరికితే ఆయన మాట వినండి, అయితే ఆ సున్నం నిదానంగా గట్టిపడుతుంది కనుక తొందర చేయకండి. గోడకు రంధ్రాలు చేసి రసాయనాలు ఎక్కించే పద్ధతి కాల్చిన ఇటుక గోడలకోసం పుట్టింది, ఒకే తీరుగా ఇంకని పచ్చి ఇటుకలో దాని ఫలితాన్ని నేను నమ్మను.

ఇంజినీరును ఎంచుకునేటప్పుడు మట్టి, సున్నం కట్టడాల మీద పనిచేశారా అని ముందే అడగండి. కాంక్రీటు తప్ప చూడనివారు కాంక్రీటే చెబుతారు. ఈ ఊళ్ళోనే భారతీయ విజ్ఞాన సంస్థ 1974లో మొదలుపెట్టిన గ్రామీణ సాంకేతిక విభాగం మట్టి కట్టడాల మీద దశాబ్దాలుగా పనిచేసింది, అక్కడ నేర్చుకున్నవారు నగరంలో ఉన్నారు. వారసత్వ కట్టడాల సంస్థ ఇన్‌టాక్‌కు బెంగళూరు శాఖ ఉంది, తెలిసినవారిని అడిగి చెప్పగలరు. మూడంతస్తుల ఆలోచన మీ కుటుంబ అవసరాన్ని బట్టి తేల్చుకోవలసినది, అందులో నేను తలదూర్చను. గోడ పాడైపోయింది కాబట్టి పడగొట్టాలి అన్న మాటను మాత్రం కొలతలు రాకముందు ఒప్పుకోవద్దు.

మూడు ఎత్తుల్లో తీసిన మట్టి తూకాలు, పగులు కొలతల నోటుబుక్కు పేజీలు, పునాది రాయి గీత ఎత్తు, గుండు దారం దూరాలు ఫిబ్రవరి ఆఖరుకు పంపండి. వాటిని బట్టి మేలో వానలు పడేలోపు స్నానాల గది స్లాబును తీయించాలో, దానికి విడిగా స్తంభాలు కట్టించాలో చెప్పగలను. ఆ లోపు మేస్త్రీని సిమెంటు కలపనివ్వకండి.